క్రమబద్ధీకరిస్తే గోడ గట్టిపడదు

2010లో నెలన్నర తేడాతో రెండు భూకంపాలు వచ్చాయి. జనవరిలో హైతీని కుదిపినదాని తీవ్రత 7.0. ఫిబ్రవరిలో చిలీని తాకినదాని తీవ్రత 8.8. వెలువడిన శక్తిలో సుమారు 500 రెట్లు పెద్దది. అయినా చిలీలో మృతులు 500 పైచిలుకే. హైతీలో ప్రభుత్వ లెక్క ప్రకారం రెండు లక్షలు దాటారు. భూకంప కేంద్రం రాజధానికి దగ్గరగా ఉండటం హైతీ దురదృష్టమే. కానీ ఇంత తేడాకు ఆ ఒక్క కారణం చాలదు. చిలీలో నిర్మాణ లోపంతో భవనం దెబ్బతింటే పదేళ్ల వరకు మొదట అమ్మినవారే చట్టం ముందు బాధ్యులు. హైతీలో కచ్చితంగా అమలయ్యే నిర్మాణ నియమావళే అప్పటికి లేదు.

ఇంటి బలాన్ని ఇటుక, ఇనుము కంటే ముందు వ్యవస్థ నిర్ణయిస్తుంది. ఆ వ్యవస్థను లోపలినుంచి తొలిచేసేది క్రమబద్ధీకరణ, అంటే అక్రమ కట్టడాలకు తర్వాత చట్టబద్ధత ఇవ్వడం. టర్కీలో 1999 భూకంప విషాదం తర్వాత నిబంధనలను కఠినతరం చేశారు. 2018లో ఎన్నికల ముందు, అనుమతి లేని కట్టడాలకు రుసుము కడితే చాలు, చట్టబద్ధత ఇస్తామన్నారు. లక్షల దరఖాస్తులు వచ్చాయి, ఖజానా నిండింది. కట్టడం నిలుస్తుందో లేదో చూసే పూచీని యజమానికే వదిలేశారు. 2023 ఫిబ్రవరి భూకంపంలో ఆ దేశంలో 50 వేల మందికి పైగా మరణించారు. కూలినవన్నీ క్రమబద్ధీకరించినవే అనడం లేదు. కానీ తప్పుకు ధర కట్టి అమ్మిన ప్రభుత్వం మరునాడు ఏ ముఖంతో తనిఖీకి వెళ్తుంది? రేపు మరో అవకాశం వస్తుందని తెలిసిన బిల్డరు ఈరోజు కడ్డీల మధ్య దూరం ఎందుకు పాటిస్తాడు?

పర్యావరణం లెక్క కూడా ఇక్కడే తేలుతుంది. ప్రపంచ కార్బన్ డయాక్సైడ్ ఉద్గారాల్లో 7 నుంచి 8 శాతం సిమెంటు తయారీవే. ఇరవై ఏళ్లకే కూలి మళ్లీ కట్టాల్సిన ఇంటి పైకప్పు మీద ఎన్ని సౌర ఫలకాలు పెట్టినా అది హరిత భవనం కాదు.

నిబంధనలు బిగిస్తే ఇంటి ఖర్చు పెరిగి పేదలకు అందదంటారు. ఖర్చు పెరిగే మాట నిజమే. ఆ అదనపు భారాన్ని ప్రభుత్వం భరించాలి: ఉచిత నమూనా ప్లాన్లు, మేస్త్రీలకు శిక్షణ, పాత ఇళ్ల పటిష్ఠతకు తక్కువ వడ్డీ రుణాలు. పేదవాడికి చౌకగా దొరకాల్సింది ఇల్లు, ప్రమాదం కాదు.

అసలు చిక్కు స్థానిక సంస్థల దగ్గరుంది. చట్టాలు చేసేది పైనున్నవారు, స్తంభం దగ్గరికి వెళ్లి చూడాల్సింది పురపాలక ఇంజినీరు. అతడి పోస్టు ఖాళీగా ఉంటే, ఉన్నా బదిలీ భయంతో పనిచేస్తుంటే, ఎంత మంచి నియమావళైనా అల్మారాలోనే ఉంటుంది. స్థానిక సంస్థలకు సొంత ఆదాయం, ఇంజినీర్లకు ఉద్యోగ రక్షణ కల్పించకుండా గృహ విధానం గురించి మాట్లాడటం వృథా. ప్రతి భవనం తనిఖీ నివేదికనూ, దానిపై సంతకం చేసినవారి పేరునూ బహిరంగంగా ఉంచాలి. కొనేవారే కాదు, అద్దెకు దిగేవారూ సంచి సర్దుకునే ముందే దాన్ని చదవగలగాలి.