సవరణ: తిరుపతిలో ఇంటి చెత్త బిల్లు కట్టడం గురించి

ఇంటి చెత్త బిల్లును నెలనెలా వార్డు సచివాలయంలోనో, ఫోన్‌లోనో కట్టొచ్చని ఇంతకుముందు పెట్టిన పోస్టు ఇప్పుడు చెల్లదు. ఎందుకంటే ఆ బిల్లే లేదు. 2021లో క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమంతో పాటు పట్టణాల్లో ఇంటింటికీ వేసిన చెత్త పన్నును రద్దు చేస్తున్నట్టు ముఖ్యమంత్రి చంద్రబాబు 2024 అక్టోబరు 2న మచిలీపట్నంలో ప్రకటించారు. తర్వాత చట్టాన్నీ సవరించారు.

కాబట్టి కొర్లగుంటలో గానీ, బైరాగిపట్టెడలో గానీ ఎవరైనా గుమ్మం ముందు నిలబడి ‘ఈ నెల చెత్త డబ్బులు’ అంటే ఇవ్వకండి. ఏ ఉత్తర్వు ప్రకారమో చూపించమనండి, సచివాలయంలో కనుక్కుంటామని చెప్పండి. ఇంట్లో ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకు ఈ సంగతి తప్పకుండా చెప్పండి. అడగ్గానే మారు మాట్లాడకుండా తీసిచ్చేది వాళ్లే.

పోయింది చెత్త పన్ను ఒక్కటే. ఇంటి పన్ను, నీటి పన్ను మామూలే. ఇంటి పన్ను ఏడాది మొత్తానిదీ ఏప్రిల్ నెలాఖరులోగా కట్టేస్తే 5 శాతం తగ్గిస్తారు. ఆన్‌లైన్‌లో అయితే పురపాలక శాఖ వెబ్‌సైట్లో అసెస్‌మెంట్ నంబరు (పన్ను కోసం మీ ఇంటికి ఇచ్చిన నంబరు) కొట్టాలి. డబ్బు పంపేముందు తెరమీద యజమాని పేరు, డోర్ నంబరు ఒకటికి రెండుసార్లు చూసుకోండి. ఒక్క అంకె అటూ ఇటూ అయినా వేరేవాళ్ల పన్ను మీరు కట్టినట్టవుతుంది. నెట్‌తో కుస్తీ ఎందుకనుకుంటే సచివాలయంలోనే కట్టి, రసీదు తీసుకోండి.

పాత పోస్టును వాట్సాప్ గ్రూపుల్లో పంపినవాళ్లు దయచేసి దీన్నీ అక్కడే పెట్టండి.