ఆ విమానాలకూ ఒక బల్ల ఇవ్వండి

డిసెంబరులో మన ప్రవాస తెలుగు సంఘం ఊళ్లో, విజయనగరంలో జరిపిన సేవా కార్యక్రమం ఫొటోలు అందరూ చూసే ఉంటారు. కంటి శిబిరం, సైకిళ్ల పంపిణీ, శాలువాలు. ఫొటోల్లో లేనిది ఒకటుంది. పిల్లల ప్రదర్శనలో ఒక ఇంటర్ కుర్రాడు తాను కట్టిన ప్లాస్టిక్ విమానాలు రెండు పెట్టుకుంటే, ముఖ్య అతిథి వచ్చేలోపు వాటిని తీయించేశారు. "యుద్ధ విమానాలు మన సంస్కృతి కాదు కదా" అన్నారు కార్యవర్గంలోని ఒక పెద్దాయన. ఆ మాట నాకింకా గుచ్చుకుంటూనే ఉంది.

ఆ రెండింటినీ నేను తీరిగ్గా చూశాను. అసలు విమానంలో 72వ వంతు. ఒకటి రెండో ప్రపంచ యుద్ధం నాటి ఫైటర్ విమానం హరికేన్, ఈ రెక్క చివర నుంచి ఆ రెక్క చివరకు సుమారు 17 సెంటీమీటర్లు. 1944లో అర్జన్ సింగ్ నాయకత్వంలో ఇంఫాల్‌లో జపాన్ సేనలతో పోరాడిన మన వైమానిక దళం నంబర్ 1 స్క్వాడ్రన్ విమానం. దాని గుండ్రటి గుర్తులో రెండు రకాల నీలమే ఉంది. అప్పటి బ్రిటిష్ గుర్తుల్లో మధ్యన ఉండే ఎరుపేదని అడిగాను. "జపానోళ్ల గుర్తు ఎర్రటి గుండ్రం కదండీ. దూరం నుంచి చూసి మనోళ్లని మనోళ్లే కాల్చేసుకోకుండా ఎరుపు తీసేశారండి" అన్నాడు.

రెండోది జపాన్ బాంబరు, నకాజిమా బి5ఎన్. 1942 ఏప్రిల్ 6న ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి లేచి విశాఖ మీద బాంబులు వేసినవి ఆ రకం విమానాలే.

ఆ రోజుల గురించి మా నానమ్మ చెబుతుండేది. "ఇశాపట్నం జనం బళ్లు కట్టుకుని మనూరొచ్చీసేరు. మన అరుగు మీదే పొయ్యిలెట్టుకుని వండుకున్నారు" అనేది. అదే నానమ్మ సంక్రాంతికి బొమ్మల కొలువు పెడితే సీతారాముల కింది మెట్టు మీద ఏటికొప్పాక లక్కబొమ్మలు, వాటి పక్కనే మా బాబాయి రేకు విమానం ఉండేవి. పిల్లాడికి ఇష్టమైనదానికి కొలువులో చోటుండాలనేది ఆవిడ పద్ధతి. అంతకంటే మన సంస్కృతి ఏముంటుంది?

పెద్దాయన భయం నాకు అర్థమవుతుంది. యుద్ధం ఆట కాకూడదు. కానీ ఈ కుర్రాడు ఆడుకోవడం లేదు. ముక్కల్ని ఫ్రేము నుంచి కత్తిరించి, అతుకులు కనపడకుండా సానబట్టి, రంగు పల్చగా పూతమీద పూత వేసి, నీళ్లలో నానిన డీకాల్‌ను, అంటే గుర్తులు అచ్చేసిన పల్చటి పొరను, బ్రష్షు కొసతో జరిపి అతికించాడు. వానాకాలం తేమకి వార్నిష్ తెల్లబారిపోతే మొత్తం గీకి మళ్లీ వేశాడట. ఏ విమానం, ఏ ఏడాది, ఎవరు నడిపారు అన్నది తెలియనిదే రంగు ముట్టుకోడు. మన పిల్లల్లో ఎంతమందికి 1942లో విశాఖలో ఏం జరిగిందో తెలుసు?

అందుకే అడుగుతున్నాను. వచ్చే డిసెంబరు ప్రదర్శనలో అతనికి ఒక బల్ల ఇప్పుడే కేటాయించండి, ద్వారం దగ్గరే. మండే స్వభావమున్న రంగులు విమానంలో తీసుకెళ్లనివ్వరు గానీ ఈ బొమ్మ విమానాల కిట్లు, డీకాల్ షీట్లు సూట్‌కేసులో పడతాయి. ఊరెళ్లేవాళ్లు తలా ఒకటి పట్టుకెళ్లండి. మొదటిది నేను కొనేశాను, ఆ యుద్ధకాలంలోనే మన వైమానిక దళం నడిపిన లైసాండర్.