మెయిల్ పంపామంటారు, ఎక్కడ ఆగిందో చెప్పరు

పేరు, పుట్టిన తేదీ, పాస్‌వర్డ్ అన్నీ నింపి సోషల్ మీడియాలో కొత్త అకౌంట్ తెరుస్తాం. 'మీ మెయిల్‌కు వెరిఫికేషన్ లింక్ పంపించాం' అని తెర మీద వస్తుంది. ఇన్‌బాక్స్ తెరిస్తే ఏమీ ఉండదు. 'మళ్లీ పంపండి' అన్న బటన్ నొక్కితే మళ్లీ అదే మాట, అదే ఖాళీ ఇన్‌బాక్స్. హెల్ప్ పేజీకి వెళ్తే ముందుగా కనిపించే సలహా ఒక్కటే: స్పామ్ ఫోల్డర్ చూసుకోండి.

ఆ సలహాలో తప్పేం లేదు. చాలామందికి మెయిల్ అక్కడే దొరుకుతుంది కూడా. దొరకనివాళ్లే ఇబ్బంది పడతారు. అడ్రస్ సరిచూసుకోవాలి, గంటలు ఆగాలి, ఇంకో మెయిల్‌తో ప్రయత్నించాలి. పనంతా యూజర్ నెత్తినే పడుతుంది. నిజానికి ఆ మెయిల్ ఎక్కడిదాకా వెళ్లిందో, ఎందుకు ఆగిందో ముందుగా తెలిసేది పంపిన సంస్థకే. వాళ్ల సర్వర్‌లో అది టైముతో సహా నమోదవుతుంది. ఆ సమాచారాన్ని యూజర్‌కు చూపించకపోవడమే ఈ సమస్యలో అసలు లోపమని నా అభిప్రాయం.

ఎందుకో తెలియాలంటే మెయిల్ ఎలా వెళ్తుందో కొంచెం చూడాలి. 'పంపించాం' అని తెర మీద కనిపించే సమయానికి మెయిల్ సాధారణంగా ఆ సంస్థ సొంత క్యూలోనే ఉంటుంది. అక్కడి నుంచి మెయిళ్లు పంపే సర్వర్‌కు, ఆ తర్వాత మన మెయిల్ కంపెనీ సర్వర్‌కు వెళ్తుంది. సర్వర్లు మాట్లాడుకునే ఈ పద్ధతిని ఎస్ఎంటీపీ అంటారు. 1982లో జాన్ పోస్టెల్ రాసిన నిబంధనలే ఇప్పటికీ దానికి పునాది. ఇందులో అవతలి సర్వర్ ప్రతిదానికీ మూడంకెల జవాబిస్తుంది. 250 వస్తే మెయిల్ తీసుకున్నట్టు. జవాబు 4తో మొదలైతే ఇప్పుడు కుదరదు, తర్వాత రమ్మని. 5తో మొదలైతే తీసుకునేది లేదని. 550 అంటే చాలాసార్లు అలాంటి అడ్రస్ లేదనో, ఈ మెయిల్‌ను అనుమతించడం లేదనో అర్థం. పంపిన సర్వర్ ఈ జవాబులన్నీ లాగ్‌లో రాసుకుంటుంది.

250 వచ్చినంత మాత్రాన మెయిల్ ఇన్‌బాక్స్‌లో పడినట్టు కాదు. తీసుకున్నాక ఫిల్టర్ దాన్ని స్పామ్‌లోకి నెట్టొచ్చు. జీమెయిల్‌లో 2013 నుంచి ఉన్న సోషల్, ప్రమోషన్స్, అప్‌డేట్స్ ట్యాబుల్లో ఎక్కడైనా పడొచ్చు. జీమెయిల్ మామూలు సెర్చ్ స్పామ్‌నూ ట్రాష్‌నూ వదిలేస్తుంది కాబట్టి, సెర్చ్ ఆప్షన్లలో వాటిని కూడా కలిపి వెతకాలి. యాప్ పేరుతో దొరక్కపోతే పంపే డొమైన్‌తో, అంటే పంపినవాళ్ల అడ్రస్‌లో @ తర్వాత ఉండే పేరుతో, వెతికి చూడాలి. ఫేస్‌బుక్ మెయిళ్లు ఫేస్‌బుక్‌మెయిల్ డాట్ కామ్ నుంచి వస్తాయన్నది చాలామందికి తెలియదు. ఈ వెతుకులాటంతా పనికొచ్చేది 250 వచ్చినప్పుడే. మిగతా రెండు రకాల జవాబులూ వచ్చినప్పుడు మెయిల్ మన మెయిల్‌బాక్స్ గుమ్మం కూడా తొక్కదు. స్పామ్ ఫోల్డర్‌ను ఎంత జల్లెడ పట్టినా దొరకదు.

4తో మొదలయ్యే జవాబుల సంగతి చూద్దాం. పరిచయం లేని సర్వర్ నుంచి మెయిల్ వస్తే కొన్ని సర్వర్లు మొదటిసారి కావాలనే వెనక్కి పంపుతాయి. స్పామ్ పంపేవాళ్లు రెండోసారి రారు, అసలైన సర్వర్ అయితే మళ్లీ వస్తుంది అన్నది లెక్క. 2003 నుంచి వాడుకలో ఉన్న ఈ పద్ధతి పేరు గ్రేలిస్టింగ్. మళ్లీ ప్రయత్నించే ముందు సాధారణంగా కనీసం 30 నిమిషాలు ఆగాలని ఎస్ఎంటీపీ నిబంధనలు సూచిస్తాయి. అంతకంటే ముందే వెళ్లే సర్వర్లూ ఉన్నాయి. వెరిఫికేషన్ కోడ్‌కు పది నిమిషాల గడువే ఉంటే, మెయిల్ చేరేసరికి కోడ్ పనికిరాకుండా పోతుంది.

ఈలోగా టెన్షన్‌తో మనం 'మళ్లీ పంపండి' నొక్కుతూనే ఉంటాం. చాలా యాప్‌లలో కొత్త కోడ్ రాగానే పాతది రద్దవుతుంది. కాసేపటికి మెయిళ్లు ఒకేసారి వచ్చి పడతాయి, ఒక్కోసారి వరుస కూడా తప్పుతుంది. ముందు కంటపడ్డ మెయిల్‌లోని కోడ్ కొడితే 'తప్పు కోడ్' అని వస్తుంది. ఉన్నదున్నట్టే కొట్టాం కదా అని మళ్లీ కొడతాం. చివరికి 'చాలాసార్లు ప్రయత్నించారు, రేపు రండి' అని తలుపు మూసేస్తుంది. బటన్ ఒక్కసారి నొక్కి అరగంట ఆగడం, తర్వాత టైము చూసి ఆఖరున పంపిన మెయిల్‌లోని కోడే వాడడం మంచిది. కానీ ఆ సమయంలో యూజర్‌కు ఈ మాట చెప్పేదెవరు? 'మీ మెయిల్ సర్వర్ కాసేపు ఆగమంది, మళ్లీ ప్రయత్నిస్తున్నాం' అని తెర మీద ఒక్క వాక్యం వస్తే చాలామంది ఆ బటన్ జోలికే పోరు.

దీనికన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టేది సప్రెషన్ లిస్ట్. పెద్ద ఎత్తున మెయిళ్లు పంపే సంస్థలు, పంపకూడని అడ్రసుల జాబితా ఒకటి పెట్టుకుంటాయి. అడ్రస్ లేదని ఒకసారి తిరిగొస్తే అందులో చేరుతుంది. ఎవరైనా 'స్పామ్' అని రిపోర్ట్ చేసినా చేరుతుంది, ఎందుకంటే కొన్ని మెయిల్ కంపెనీలు ఆ ఫిర్యాదును పంపినవాళ్లకు చేరవేస్తాయి. 'ఫలానావారు మీ ఫొటో లైక్ చేశారు' లాంటి మెయిళ్లతో విసిగి ఎప్పుడో స్పామ్ నొక్కిన మనిషిని ఊహించండి. ఇప్పుడు అకౌంట్‌లోకి వెళ్లలేక వెరిఫికేషన్ మెయిల్ అడుగుతాడు. నోటిఫికేషన్లకూ వెరిఫికేషన్‌కూ ఒకే జాబితా వాడే చోట అతనికి ఏదీ వెళ్లదు. అమెజాన్ ఎస్ఈఎస్ అనే మెయిల్ సర్వీసు వివరణ ప్రకారం, పంపే సంస్థ అకౌంట్ స్థాయి సప్రెషన్ లిస్ట్‌లో ఉన్న అడ్రస్‌కు మెయిల్ ఇస్తే అది తీసుకుంటుంది, కానీ పంపదు. అంటే యాప్‌కు సరే అన్న జవాబు వస్తుంది, యూజర్‌కు 'పంపించాం' అని కనిపిస్తుంది, మెయిల్ మాత్రం బయల్దేరదు. ఇది స్పామ్ ఫోల్డర్ వెతికితే తీరే బాధ కాదు. మెయిల్‌బాక్స్ మార్చితేనో, సంస్థవాళ్లు ఆ జాబితా నుంచి పేరు తీసేస్తేనో తప్ప తీరదు. ఆ జాబితా ఒకటుందని కూడా మామూలు యూజర్‌కు తెలియదు.

అడ్రస్ తప్పు కొట్టడం యూజర్ పొరపాటే. డాట్ కామ్ బదులు డాట్ కాన్ అని పడడం, జీమెయిల్‌లో రెండు అక్షరాలు తారుమారవడం ఎవరికైనా జరిగేదే. కాకపోతే చాలా యాప్‌లు వెరిఫికేషన్ తెర మీద అడ్రస్ దిద్దుకునే వీలివ్వవు. మొదటినుంచి మొదలుపెడితే 'ఈ యూజర్‌నేమ్ ఇప్పటికే ఉంది' అంటాయి. ఆ పేరు పట్టుకున్నది తమ సగం అకౌంటేనని యూజర్‌కు తట్టదు. కొట్టిన అడ్రస్‌ను పెద్ద అక్షరాల్లో చూపించి పక్కనే 'మార్చండి' అన్న బటన్ పెట్టడం కష్టమైన పనేం కాదు.

ఆఫీసు, కాలేజీ మెయిళ్లతో ఇంకో చిక్కుంది. అక్కడి సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ మెయిల్‌లోని లింకును యూజర్ కంటే ముందే తెరిచి పరీక్షిస్తుంది. ఒక్కసారే పనిచేసే లింకు అయితే అక్కడే ఖర్చయిపోతుంది. కొన్నిచోట్ల మెయిల్‌ను అడ్మిన్ మాత్రమే చూడగల క్వారంటైన్‌లో పెడతారు. వీలైతే సోషల్ మీడియాకు సొంత మెయిలే వాడుకోవాలి. ఎప్పుడో తెరిచి వదిలేసిన మెయిల్ మీద ఆధారపడినా ప్రమాదమే. రెండేళ్లు వాడని వ్యక్తిగత గూగుల్ అకౌంట్లను తొలగించే విధానం 2023 డిసెంబర్ నుంచి అమల్లో ఉంది.

పంపేవాళ్ల వైపు నిబంధనలూ కఠినమయ్యాయి. రోజుకు 5,000 కంటే ఎక్కువ మెయిళ్లు జీమెయిల్‌కు పంపేవాళ్లు మెయిల్ నిజంగా తమ దగ్గరి నుంచే వచ్చిందని చూపే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే మూడు ధ్రువీకరణలూ పెట్టుకోవాలని 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్ షరతు పెట్టింది. యాహూ కూడా దాదాపు అప్పుడే ఇలాంటి నిబంధనలు తెచ్చింది. స్పామ్ తగ్గడానికి ఇది అవసరమైన చర్యే. సెటింగ్స్‌లో చిన్న తేడా ఉన్నా దెబ్బ తగిలేది మాత్రం వెరిఫికేషన్ కోసం ఎదురుచూసేవాళ్లకు. 2022 నవంబర్‌లో ట్విటర్ నుంచి జనం ఒక్కసారిగా, ఎవరికివారు నడుపుకునే సర్వర్లతో కూడిన మాస్టడాన్ అనే సోషల్ నెట్‌వర్క్‌కు వెళ్లినప్పుడు, కొద్దిమంది నడిపే ఆ సర్వర్ల మీద భారం పెరిగి క్యూలు పేరుకుపోయాయి. అయితే అక్కడ అడ్మిన్ ఒక మనిషి. అడిగితే చూసి, మెయిల్‌తో పనిలేకుండా తన చేత్తో అకౌంట్‌ను ఖాయం చేయగలడు. అంతకంటే ఎన్నో రెట్లు వనరులున్న పెద్ద ప్లాట్‌ఫామ్‌లలో ఆ అడిగే దారే కనబడదు.

మెయిల్ ఏమైందో బయటపెడితే దుర్వినియోగం జరుగుతుందన్న వాదన ఉంది. అందులో కొంత నిజముంది. ఎవరి మెయిల్‌తో అకౌంట్ ఉందో పరాయివాళ్లు కనిపెట్టకుండా 'అకౌంట్ ఉంటే మెయిల్ పంపాం' అని గుంభనంగా చెప్పడం మంచి పద్ధతే. కానీ డెలివరీ స్థితి చెప్పడానికి ఆ రహస్యం అడ్డురాదు. కొత్త అడ్రస్ అయితే వెరిఫికేషన్ మెయిల్, ముందే అకౌంట్ ఉంటే 'మీకు అకౌంట్ ఉంది' అన్న మెయిల్ పంపితే సరిపోతుంది. రెండింటికీ తెర మీద కనిపించే స్థితి ఒకటే: మీ సర్వర్ తీసుకుంది, లేదా ఆగమంది, లేదా కాదంది.

ఇలాంటిది చేసి చూపించినవాళ్లూ ఉన్నారు. 2019లో ఇన్‌స్టాగ్రామ్, తాము గత 14 రోజుల్లో పంపిన మెయిళ్ల జాబితాను యాప్‌లోనే చూసుకునే ఏర్పాటు తెచ్చింది. నకిలీ మెయిళ్లను గుర్తుపట్టడానికి చేసిన పని అది, లాగిన్ అయినవాళ్లకే కనబడుతుంది. అదే ఆలోచనను లాగిన్‌కు ముందు మెట్టు దాకా తేవడమే మిగిలింది.

ఇది తొందరగా జరగాలని కోరుకోవడానికి ఇంకో కారణం ఉంది. జవాబు దొరకని యూజర్ చివరికి 'కస్టమర్ కేర్ నంబర్' అని వెతుకుతాడు. అక్కడ మోసగాళ్లు కాచుకుని ఉంటారు. పెద్ద సోషల్ మీడియా సంస్థల్లో మామూలు యూజర్లకు ఫోన్ హెల్ప్‌లైన్ దాదాపు ఉండదు. ఫోన్ ఎత్తి 'కోడ్ చెప్పండి, మేమే వెరిఫై చేస్తాం' అన్నవాళ్లెవరైనా మోసగాళ్లే. సంస్థ వదిలేసిన ఖాళీలోకే వాళ్లు దూరుతున్నారు.

ప్రస్తుతానికి యూజర్ చేయగల పరీక్ష ఒకటుంది. వేరే మెయిల్ నుంచి మీకు మీరే ఒక మెయిల్ పంపుకోండి. అది రాకపోతే ముందు స్టోరేజీ చూడండి. జీమెయిల్‌లో ఉచితంగా వచ్చే 15 జీబీ డ్రైవ్‌కూ ఫొటోలకూ కలిపే, అది నిండితే కొత్త మెయిళ్లు ఆగిపోతాయి. వచ్చిందంటే మీ మెయిల్‌బాక్స్ బాగానే ఉంది. అప్పుడు సంస్థకు రాసేటప్పుడు 'మెయిల్ రాలేదు' అని వదిలేయకండి. ఏ అడ్రస్‌కు, ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఏ టైమ్ జోన్‌లో అడిగారో రాయండి. లాగ్‌లో వెతకడానికి వాళ్లకు కావాల్సినవి అవే. మీ మెయిల్ సర్వర్ ఏం జవాబిచ్చిందో, మీ అడ్రస్ సప్రెషన్ లిస్ట్‌లో ఉందో లేదో చెప్పమని సూటిగా అడగండి.