జైలుకు ప్రసంగం మోసుకెళ్ళకండి, కథ తీసుకువెళ్ళండి

క్రిస్మస్ దగ్గర పడుతోంది కనుక విశాఖ నగరంలోని క్రైస్తవ సంఘాలు అడవివరం కేంద్ర కారాగారానికి వెళ్ళేందుకు అనుమతుల కోసం మళ్ళీ తిరుగుతున్నాయి. "చెరసాలలో ఉంటిని, నాయొద్దకు వచ్చితిరి" అన్న మత్తయి సువార్త మాటను పాటించాలనుకునేవారిని తప్పుపట్టే ఉద్దేశం నాకు లేదు. నా అభ్యంతరమంతా అక్కడికి వెళ్ళాక మనం చేసే పని మీదనే. మైకు పట్టుకుని ముప్పావుగంట ప్రసంగం, చివర పశ్చాత్తాపపడమని పిలుపు, చేతులెత్తినవారి లెక్క, ఆ తరువాత కేకు ముక్క. ఆ లెక్క సంఘం వార్షిక నివేదికలోకి ఎక్కుతుంది. చేతులెత్తినవారిని మళ్ళీ డిసెంబరు వరకు పలకరించే నాథుడు ఉండడు.

పైగా ఆ పిలుపు ఎవరికి ఇస్తున్నాము? జాతీయ నేర గణాంకాల సంస్థ 2022 నివేదిక ప్రకారం దేశంలోని ఖైదీలలో దాదాపు 76 శాతం మంది విచారణలో ఉన్నవారే, అంటే ఏ కోర్టూ ఇంకా దోషులని తేల్చనివారు. మన జైలులో గంజాయి కేసుల మీద వచ్చినవారు పెద్ద సంఖ్యలో ఉంటారు. సరుకు 20 కిలోలు దాటితే చట్టం దానిని వాణిజ్య పరిమాణంగా లెక్కిస్తుంది, ఆపైన బెయిలు దొరకడం గగనమవుతుంది. ఏజెన్సీలో కూలికి మూట మోసినవాడు కూడా ఆ మూట అసలు యజమానితో సమానంగా వాయిదాల చుట్టూ తిరగవలసి వస్తుంది. అటువంటివారిని కూర్చోబెట్టి తప్పిపోయిన కుమారుని ఉపమానం చెప్పి, "నీవు కూడా తిరిగి రా" అని కన్నీళ్ళు పెట్టించడమంటే, జడ్జిగారి కంటే ముందే మనం తీర్పు చదివేసినట్టు.

ప్రసంగానికి బదులు అందరూ వలయంగా కూర్చుని కథ చెప్పుకునే కథావలయం పద్ధతి నాకు నచ్చడానికి మొదటి కారణం ఇదే. బైబిలు కథలను కంఠస్థం చేసి నోటితో చెప్పడాన్ని ఒక ఉద్యమంగా మలచినవాడు అమెరికాకు చెందిన టామ్ బూమర్‌షైన్ అనే బైబిలు పండితుడు. ఆయన 1977లో అందుకోసం ఒక సంస్థనే స్థాపించాడు. జైళ్ళలో దీన్ని నడిపే తీరు చాలా సులువైనది. అందరూ గుండ్రంగా కూర్చుంటారు. ఒకరు పుస్తకం చూడకుండా ఒక కథ చెబుతారు. తరువాత అదే కథను మిగిలినవారు తలా కొంత తిరిగి చెబుతారు. ఒకరు మరిచినది మరొకరు అందిస్తారు. ఆ తరువాతనే మాటలు. జముకుల కథలు విని పెరిగిన ఉత్తరాంధ్ర మనిషికి ఇందులో పరాయిది ఏమున్నది? ఊ కొట్టేవాడు లేకపోతే కథ ముందుకు సాగదని మన ముసలమ్మలకు ఏ సంస్థా నేర్పలేదు. అయితే 1805లో క్రాన్, డెస్ గ్రాంజెస్ అనే మిషనరీ దొరలు వచ్చి మకాం పెట్టి, సువార్తలను తెలుగు చేయడానికి పూనుకున్న ఊరు మనది. అందుకే కాబోలు, చేతిలో పుస్తకం లేకుండా వాక్యం చెప్పడమంటే మన పెద్దలకు ఇప్పటికీ అపచారంలా తోస్తుంది.

ఒకసారి జైలులో ఇలాగే కూర్చుని బైబిలులోని యోసేపు కథ చెప్పుకున్నాము. చెరసాలలో యోసేపు, తనతోపాటు ఖైదులో ఉన్న పానదాయకుల అధిపతి (రాజుకు పానీయం అందించేవారి పెద్ద) కలకు అర్థం చెప్పి, నీవు విడుదలైనప్పుడు నన్ను గుర్తు పెట్టుకొని ఐగుప్తు రాజైన ఫరోతో నా సంగతి చెప్పుమని బతిమాలుకుంటాడు. విడుదలైన ఆ అధిపతి అతన్ని మరిచిపోతాడు. కథ తిరిగి చెప్పే వంతు వచ్చిన ఒక యువకుడు అక్కడికి రాగానే ఆగిపోయి, "బయటికెల్లిపోయినోడికి లోపలున్నోడు గుర్తుంటాడేటండీ?" అన్నాడు. (ఈ మాట బయట రాయవచ్చునా అని అడిగి, అతను సరేనన్న తరువాతనే రాస్తున్నాను.) పక్కనున్న పెద్దాయన, "మరి రెండేళ్ళకి గుర్తొచ్చాడు కదరా" అన్నాడు. ఆ రెండేళ్ళు ఎలా గడిచి ఉంటాయన్నదాని మీద అరగంట మాటలు నడిచాయి. యోసేపు ఏ తప్పూ చేయకుండా లోపలికి వచ్చాడన్న సంగతిని ఎవరూ ఎత్తి చూపలేదు, ఎత్తి చూపనవసరమూ లేదు. నీ కేసేమిటని అక్కడ ఎవరూ ఎవరినీ అడగలేదు. యోసేపు గురించి మాట్లాడుతూ ప్రతివాడూ తనకు కావలసినంత మేరకే తన సంగతి చెప్పుకున్నాడు. విచారణ ఖైదీకి ఆ మరుగు చాలా అవసరం.

ఇక అపొస్తలుల కార్యముల 16వ అధ్యాయం. చెరసాలలో వేయబడిన పౌలు, సీల అర్ధరాత్రి పాడుతుండగా "ఖైదీలు వినుచుండిరి" అని ఒక్క ముక్క ఉంటుంది. భూకంపం వచ్చి తలుపులన్నీ తెరుచుకున్నాక ఆ ఖైదీలెవరూ ఎందుకు పారిపోలేదు, తెల్లవారాక వాళ్ళేమయ్యారు అన్న ప్రశ్న నేను ఏ ప్రసంగంలోనూ వినలేదు. జైలులో మాత్రం అది మొట్టమొదటి ప్రశ్న. మనం సమాధానం చెప్పబోకూడదు. కథ అయిపోగానే "ఇందులో మనకు నీతి ఏమిటంటే" అని అందుకునే పాస్టరుగారు వలయంలో కూర్చున్నా అది ప్రసంగమే అవుతుంది, కాకపోతే కుర్చీల అమరిక మారిందంతే.

మరొక రోగం కూడా మనలో ఉన్నది. లోపల విన్న మాట ఆదివారం ప్రసంగ వేదిక మీద సాక్ష్యంగా మారిపోతుంది, పేరు చెప్పకపోయినా ఊరూ కేసూ చెప్పేస్తారు. ఆ పని చేసేవారిని రెండోసారి పంపకూడదని నా గట్టి అభిప్రాయం. వలయానికి వచ్చినవారికే బిస్కెట్ ప్యాకెట్లు పంచడం కూడా మానాలి. ఇవ్వదలిస్తే బ్యారక్ అంతటికీ ఇవ్వండి. అప్పుడు హిందువైనా ముస్లిమైనా నిజంగా కథ కోసమే వస్తాడు, వినబుద్ధి కానివాడు నిశ్చింతగా రాకుండా ఉంటాడు.

అందుచేత ఈ డిసెంబరుకు నలభై మంది గాయక బృందాన్ని సిద్ధం చేసే బదులు, ఏడాది పొడవునా వెళ్ళగలిగిన ఇద్దరిని ఎంచి, తలా ఒక కథ నోటికి వచ్చేలా నేర్పించండి. ఆ కథ అదే రోజు మొదలై అదే రోజు పూర్తయ్యేదిగా ఉండాలి, ఎందుకంటే ఇవాళ కూర్చున్నవాడికి రేపు బెయిలు రావచ్చు, లేదా మరో జైలుకు మార్చవచ్చు. మిగతా భాగం వచ్చే వారం అనడానికి అక్కడ వీలు లేదు.