డాక్టర్‌కి డిప్రెషన్ వస్తే ఏ ఓపీకి వెళ్ళాలి?

హైదరాబాద్‌లో ఎవరైనా కాస్త తేడాగా మాట్లాడితే "వీణ్ణి ఎర్రగడ్డకి పంపాలి" అనేస్తాం. మెడికల్ కాలేజీ హాస్టళ్ళలోనూ ఇదే జోకు, వేసేది సైకియాట్రీ పోస్టింగ్ చేసొచ్చినవాళ్ళే. అందుకే ఒక పీజీ చదివే డాక్టర్‌కి రెండు నెలలుగా సరిగ్గా నిద్రపట్టకపోయినా, కేస్ షీట్ రాస్తుంటే ఊరికే కళ్ళల్లో నీళ్ళొస్తున్నా, తన ఆస్పత్రిలోనే ఉన్న సైకియాట్రీ ఓపీకి మాత్రం వెళ్ళడు, ఎందుకంటే అక్కడ కూర్చునేది తన బ్యాచ్‌మేట్, సాయంత్రానికి డిపార్ట్‌మెంట్ మొత్తానికి తెలిసిపోతుంది, హెచ్ఓడీ గారికి తెలిస్తే థీసిస్ మీద సంతకం పెట్టాల్సింది ఆయనే మరి.

పోనీ తెలియక కాదు. డిప్రెషన్ ఎంతుందో చూసే పీహెచ్‌క్యూ-9 ఫారంలో ఉండే తొమ్మిది ప్రశ్నలూ పేషెంట్లని తను అడిగేవే, తనకి ఎంత స్కోర్ వస్తుందో పెన్ను పట్టకుండానే చెప్పగలడు. చెప్పుకుని ఏం చేస్తాడంటే, తన చీటీ మీద తనే ఎస్సిటాలోప్రామ్ అనే డిప్రెషన్ మందు రాసుకుని రెండు వీధుల అవతల మెడికల్ షాపులో కొనుక్కుంటాడు. ఆ మందు గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది, ముందు వచ్చేది కడుపులో తిప్పడం, ఎలా ఉందని అడిగేవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి పదోరోజుకి ఆపేస్తాడు. ఇదే పని పేషెంట్ చేస్తే ఎంత తిట్టేవాడో!

మెడికల్ విద్యార్థుల మానసిక ఆరోగ్యం మీద నేషనల్ మెడికల్ కమిషన్ వేసిన టాస్క్‌ఫోర్స్ 2024లో ఇచ్చిన రిపోర్ట్‌లో పీజీల లెక్క చూడండి. మానసిక సమస్య ఉందని చెప్పినవాళ్ళు 15.3 శాతం, చనిపోవాలన్న ఆలోచన వచ్చిందన్నవాళ్ళు సుమారు 31 శాతం. ఆన్‌లైన్ సర్వేనే, పూర్తిగా నమ్మేయక్కర్లేదు, కానీ రెండోది మొదటిదానికి రెట్టింపు ఉందంటే చాలామంది జబ్బుని జబ్బుగా లెక్కలో వేసుకోవట్లేదనే నాకనిపిస్తోంది.

డ్యూటీల సంగతి అడక్కండి. రెసిడెంట్ డాక్టర్ల కోసం వచ్చిన 1992 కేంద్ర రెసిడెన్సీ స్కీమ్ వారానికి 48 గంటలంది, ఈ టాస్క్‌ఫోర్స్ 74 మించొద్దంది, అంటే ముప్ఫై ఏళ్ళలో మన కోరికే అంత తగ్గిపోయింది. దీనికి మందుగా కాలేజీలు పెట్టేది యోగా సెషన్, నైట్ డ్యూటీ దిగొచ్చినవాడు కూడా అటెండెన్స్ వేయించుకోవాలి.

అమెరికా వెళ్ళిన మనవాళ్ళకి ఇంకో భయం, లైసెన్స్. చాలా రాష్ట్రాల ఫారాల్లో మానసిక జబ్బుకి ఎప్పుడైనా ట్రీట్‌మెంట్ తీసుకున్నారా అని అడిగేవాళ్ళు. 2020 ఏప్రిల్‌లో న్యూయార్క్ ఎమర్జెన్సీ డాక్టర్ లోర్నా బ్రీన్ ఆత్మహత్య చేసుకున్నాక, లైసెన్స్ పోతుందని ఆమె భయపడిందని కుటుంబం చెప్పింది, 2022లో ఆమె పేరుతో చట్టమొచ్చింది, చాలా రాష్ట్రాలు ఆ ప్రశ్న మార్చేశాయి. మార్చాల్సింది ఫారంలో ఒక్క లైను, దానికి ఇంత జరగాలా?

ఇంగ్లండ్‌లో డాక్టర్లు, డెంటిస్టుల కోసం విడిగా ఒక సర్వీస్ ఉంది, 2008లో లండన్‌లో మొదలైంది, ఎవరి చీటీ లేకుండా నేరుగా వెళ్ళొచ్చు, పనిచేసే ఆస్పత్రికి తెలియక్కర్లేదు. మనకి 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టంలో గోప్యత హక్కు రాసుంది, టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌కి 14416 ఫ్రీ నంబరుంది, అర్ధరాత్రి డ్యూటీ రూమ్ నుంచైనా చేయొచ్చు. ఆ తర్వాత మనిషిని చూపించుకోవాలంటే మాత్రం మళ్ళీ అదే ఓపీ, అదే బ్యాచ్‌మేట్. వరంగల్ పీజీ కరీంనగర్‌లో, కర్నూలు పీజీ అనంతపురంలో చూపించుకునేలా కాలేజీలు మాట్లాడుకుంటే పెద్ద ఖర్చేం కాదు, బస్ చార్జీ, ఒకపూట సెలవు, ఆ సెలవు చీటీలో జ్వరం అని అబద్ధం రాయక్కర్లేని ఏర్పాటు.