గట్టు మీది బోర్డు

ఆదోని వైపు ఒక సీడు పత్తి చేను గట్టున కొత్త బోర్డు వెలిసింది: "ఈ పొలంలో బాల కార్మికులు లేరు." ఏం బోర్డండీ! తెలుపు మీద పచ్చ అక్షరాలు, మూలన నవ్వుతున్న పాప బొమ్మ. దాని మేకుకే సద్ది సంచులు తగిలించి నలుగురు పాపలు చేలోకి దిగారు, క్రాసింగుకు, అంటే విత్తనం కోసం పువ్వుకు పువ్వు కలిపే పనికి. బడి మానేసినవాళ్లు కాబట్టి బోర్డు చదువుతారన్న భయం లేదు. చదివేది తనిఖీకొచ్చే జీపు సారొక్కడే.

ఆ సారు వచ్చేటప్పుడు చూడాలి. దారిలో దుమ్ము లేవగానే గట్టు మీంచి ఒక కేక. ఆ కేకతో చేలో అందరికీ ఈడొచ్చేస్తుంది.

"ఎన్నేండ్లు పాపా?"

"పద్దెనిమిది సార్."

"నీకు?"

"నాకూ పద్దెనిమిదే సార్."

పత్తి చెట్టు చాటున కనబడని బుడ్డది కూడా పద్దెనిమిదే. ఆ ఊళ్లో 11 తర్వాత 18 వస్తుంది. మధ్య అంకెలు కరువుకు ఎండిపోయినట్టున్నాయి. సారు రాసుకుంటాడు, మజ్జిగ తాగుతాడు, బోర్డు పక్కన ఫోటో దిగుతాడు. ఫోటోలో పడకుండా సద్ది సంచులు తీసి పట్టుకునేదీ ఆ పాపలే.

బోర్డుతో సరిపెట్టేది మనమే కాదు. బ్రిటన్‌లో 2015లో ఆధునిక బానిసత్వ చట్టం తెచ్చారు. అక్కడ వ్యాపారం చేస్తూ ఏడాది టర్నోవరు 3.6 కోట్ల పౌండ్లు దాటిన కంపెనీ, తన సరుకు వెనక బానిసలు లేకుండా ఏం చేసిందో ప్రకటించాలి. "ఏమీ చేయలేదు" అని ప్రకటించినా చట్టం పాటించినట్టే! అసూయపడకండి, మనకూ ఉంది: 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం. మూడేళ్ల జైలు మాట అటుంచండి, జరిమానా ఎంత వేసినా 2,000 రూపాయలు దాటదు.

"వాళ్ల నాయనకు అడ్వాన్సు ఇచ్చాం, వెట్టి ఎట్లయితది?" అంటారు చేను పెద్దలు. కనీస వేతనం కన్నా తక్కువ ఇచ్చి చేయించుకుంటే అదీ వెట్టేనని సుప్రీంకోర్టు 1982లోనే, ఢిల్లీ ఏషియాడ్ (ఆసియా క్రీడలు) కట్టడం పనుల కేసులో చెప్పింది. అది విననట్టే ఉండి, ఇంకో మాటంటారు: "లేత వేళ్లయితే పువ్వు నలగదు."

సాయంత్రం మొగ్గ విప్పి కేసరాలు గిల్లెయ్యాలి. తెల్లారి మగ పువ్వు తెచ్చి రుద్దాలి. రోజూ, నెలల తరబడి, మందు కొట్టిన చేలో. లేత వేళ్లే కావాలా? నీ ఇంట్లో లేవా? పొద్దున్నే కాన్వెంటు బస్సెక్కించి పంపావు కదయ్యా, ఆ వేళ్లు? వాటికి పెన్సిలూ, వీటికి పురుగుమందూనా? బోరు ఎండితే అప్పు చేసింది వాళ్ల నాయన. ఆ పాప ఎవరికి బాకీ?

వచ్చే ఏడాది ఇంకా పెద్ద బోర్డు పెడతారట. పెట్టనీండి. మధ్యాహ్నం సద్ది తినేటప్పుడు కాస్త నీడైనా ఉంటుంది.