ఏ బొమ్మ చూడమంటారు?

మహారాజశ్రీ కంట్రోల్ థియరీ పాడ్‌కాస్ట్ గారికి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

యంత్రాలు తమను తామే అదుపులో పెట్టుకునే తీరు చెప్పే ఆ శాస్త్రాన్ని ‘లెక్కలు లేకుండా, అందరికీ అర్థమయ్యేలా’ చెబుతామన్న మీ మాట నమ్మి, నిన్న మధ్యాహ్నం మా అమ్మను కూర్చోబెట్టి మీ తాజా ఎపిసోడ్ పెట్టాను. నా ఉద్యోగమేమిటో ఆమెకు చెప్పలేక ఇరవై ఏళ్లుగా ఓడిపోతున్నాను. ఆ పని మీరు చేసిపెడతారనుకోవడం నా అత్యాశ.

అతిథిగారి బిరుదులకే పద్నాలుగు నిమిషాలు పట్టింది. పట్టనివ్వండి, పెద్దవారు. షవర్ కింద వేడినీళ్ల కోసం కుళాయి తిప్పే మనిషి ఉదాహరణ మళ్లీ వచ్చింది. ఇన్ని ఎపిసోడ్లయినా పాపం ఆయన స్నానం ముగియలేదు. అదీ సరే. ఇరవై రెండో నిమిషంలో అతిథిగారు గొంతు సవరించుకుని ‘ఈ బొమ్మలో మీరు చూస్తున్నట్టుగా...’ అన్నారు.

అమ్మ ఫోను చేతిలోకి తీసుకుంది. కళ్లజోడు పెట్టుకుంది. ‘ఏ బొమ్మరా?’ అంది.

అయ్యా, ఏ బొమ్మ? చెవులకు కళ్లజోడు ఎక్కడ దొరుకుతుంది? మీరు అక్కడితో ఆగారా! ‘ఎడమపక్క గీత’, ‘కింది వంపు’ అంటూ మరో తొమ్మిది నిమిషాలు ఆ కనిపించని బొమ్మ మీదే వేలు పెట్టి చూపించారు. చాలదన్నట్టు ‘ఎస్ స్క్వేర్ ప్లస్ టూ జీటా ఒమేగా ఎన్ ఎస్...’ అని దండకం అందుకున్నారు. లెక్కలు ఉండవన్నది ఎవరు?

బొమ్మ లేకుండా చెప్పలేని సంగతా ఇది? మిమ్మల్ని కాసేపు ఆపి, 1788లో జేమ్స్ వాట్ ఆవిరియంత్రానికి తగిలించిన, దాని వేగాన్ని అదుపుచేసే గవర్నరు అనే పరికరం గురించి నేనే చెప్పాను. తడి గొడుగు గిరగిరా తిప్పితే చుక్కలు బయటికి ఎగురుతాయి కదమ్మా, అలాగే యంత్రం జోరందుకుంటే రెండు గుండ్లు దూరం జరిగి పైకి లేస్తాయి. అవి లేస్తే ఆవిరి దారి కాస్త మూసుకుంటుంది. జోరు తగ్గితే దిగుతాయి, దారి తెరుచుకుంటుంది. ‘తన కళ్లెం తనే పట్టుకుంటుందన్నమాట’ అంది అమ్మ. అర నిమిషం పట్టింది.

కొన్ని గవర్నర్లు నిలకడ లేక ఊగిపోయేవి. ఆ నిలకడకు షరతులేమిటో 1868లో భౌతికశాస్త్రవేత్త మాక్స్‌వెల్ లెక్కగట్టాడు. మీరూ అలాగే ఊగుతున్నారు. కష్టంగా ఉందని శ్రోతలు రాస్తే మీకు చేరేది రెండు నెలలకు. చేరగానే ‘థర్మోస్టాట్ అంటే ఏమిటి పిల్లలూ’ అని మొదలుపెడతారు. పండితులు మొహం చిట్లిస్తే మళ్లీ జీటా ఒమేగా. ఆలస్యంగా అందిన కబురుకు కుళాయి అటూ ఇటూ అతిగా తిప్పేసి, ఒకసారి కాలి ఒకసారి వణికే ఆ షవర్ మనిషి మీరే! ఇంకొకరికి ఆ పాఠం చెప్పడానికి సిగ్గుండాలి.

ఇక చాలని ఆపబోతుంటే, 1927లో హారల్డ్ బ్లాక్ అనే అమెరికా ఇంజనీరు ఉద్యోగానికి వెళుతూ హడ్సన్ నది మీద ఫెర్రీలో కూర్చుని, చేతిలోని న్యూయార్క్ టైమ్స్ కాగితం మీదే నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ యాంప్లిఫయర్ (సంకేతం బలం పెంచే పరికరం) గీసుకున్న కథ ఎత్తుకున్నారు. బయటికొచ్చే సంకేతంలో కొంత వెనక్కి తిప్పి, లోపలికి వెళ్లేదానిలోంచి తీసివేస్తే, బలం తగ్గినా సంకేతం రూపు చెడిపోవడం బాగా తగ్గుతుందన్న ఆలోచన. పేటెంటు మాత్రం 1937లో గానీ చేతికి రాలేదు. ఆ ఐదు నిమిషాలూ మీరు ఎవరినీ ఏ బొమ్మా చూడమనలేదు. ‘రేవు చేరేలోపే తట్టిందా!’ అని అమ్మ మురిసిపోయింది.

తర్వాతి భాగం ఎప్పుడని అడుగుతోంది. కళ్లజోడు మాత్రం దగ్గరే పెట్టుకుంది, మీ మీద నమ్మకం లేక.

ఇట్లు,
మీ మొండి శ్రోత